మోకాలికీ బోడిగుండుకూ: ఒక క్రాంకు మీమాంస

సైకిలు పెడలును నడిమి ఇరుసుతో కలిపే లోహపు చేతికి క్రాంకు అని పేరు. ఇరుసు మధ్యబిందువు నుంచి పెడలు బిగించే రంధ్రపు మధ్యబిందువు వరకు ఉన్న దూరాన్ని దాని పొడవుగా లెక్కించి, మిల్లీమీటర్లలో చెబుతారు. రోడ్డు సైకిళ్ళకు దుకాణాల్లో తరచుగా దొరికేవి 165, 170, 172.5, 175 అనే నాలుగు కొలతలే అయినా, ఈ నాలుగింటి నడుమ ఉన్న పది మిల్లీమీటర్ల జాగాలో, అంటే చిటికెనవేలి గోరంత మేరలో, పుట్టిన సంప్రదాయాలూ శాఖలూ ఉపశాఖలూ ఏ మతచరిత్రకూ తీసిపోవు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో ప్రారంభమైన తరువాత, అంతవరకు ఎండలో నడిచిన ఈ వాదాలకు నీడ కూడా దొరికింది.

ఈ సంభాషణలో పాల్గొనేవారు వ్యక్తులు కారు, జాతులు. నాటకంలో సూత్రధారి కథను నడిపిస్తాడు. ఇక్కడి సూత్రధారి గణితసూత్రాలను జేబులో ధరించి తిరుగుతాడు కనుక ఆ పేరుకు ఇంకా ఎక్కువ అర్హుడు. ఏ ఏటి విజేత ఏ సామాను వాడితే ఆ ఏడు దాన్నే కొనేవాడు అనుయాయి. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాల నల్ల సైకిలు మీద ఉద్యోగం ఆసాంతం గడిపి విశ్రాంతి పొందినవాడు సంప్రదాయవాది. నిజంగా ఒక సందేహంతో వచ్చినది ఉద్యోగిని మాత్రమే. పానా పట్టుకున్నవాడు మేస్త్రి. చేతిలో పని ఉన్నందువల్ల అతడి మాటలు తక్కువ.

ఉద్యోగిని: మేస్త్రీ, ఈ సైకిలు కొని నెల అయింది. పెడలు పైకి వచ్చిన ప్రతిసారీ తొడ పొట్టకు తగులుతోంది, పది కిలోమీటర్లు దాటితే మోకాలి ముందు భాగం నొప్పి పెడుతోంది. ఎత్తు 152 సెంటీమీటర్లు. క్రాంకు మీద 170 అని ఉంది. అది పొడవెక్కువైందా?

సూత్రధారి: ఈ మాత్రానికి మేస్త్రి ఎందుకమ్మా! గోడకు వీపు ఆనించి, కాళ్ళ మధ్య ఒక పుస్తకాన్ని పైకి బిగించి, నేల నుంచి ఆ పుస్తకం పై అంచు వరకు కొలిస్తే లోపలికాలి పొడవు వస్తుంది. దర్జీలు దాన్నే ఇన్‌సీమ్ అంటారు. దాన్ని 0.216తో గుణిస్తే సరిపోయే క్రాంకు తేలుతుంది. 800 మిల్లీమీటర్ల కాలికి 172.8. గణితానికి తిరుగులేదు.

ఉద్యోగిని: అదే పొడవును సెంటీమీటర్లలో తీసుకుని, 1.25తో గుణించి, 65 కలపాలని ఇంకొక సూత్రం కూడా ఉందట కదండీ. అదే కాలికి దాని ప్రకారం ఎంత వస్తుంది?

సూత్రధారి (ఫోనులో లెక్క చూసి): 165.

ఉద్యోగిని: అయితే కుడికాలికి ఒక సూత్రం, ఎడమకాలికి ఒక సూత్రం వాడాలా?

సూత్రధారి: శాస్త్రాలు పరస్పరం విరోధించినప్పుడు సగటు తీయడం పెద్దల పద్ధతి. సగటు 168.9. అది ఎక్కడా అమ్మరు కనుక 170.

ఉద్యోగిని కాలు 70 సెంటీమీటర్లని తేలిన తరువాత రెండు సూత్రాలనూ మళ్ళీ ప్రయోగించగా, మొదటిది 151.2 అనీ, రెండవది 152.5 అనీ జవాబిచ్చాయి. అంటే ఈ రెండు సూత్రాలు ఏకాభిప్రాయానికి వచ్చిన ఆ ఒక్క సందర్భంలోనూ వాటికి తగిన వస్తువు దుకాణపు అరలో లేకపోయింది. ఇది ఆమె దురదృష్టం కాదు, వ్యాపారపు అలవాటు. తొక్కేవారి ఎత్తు 150 నుంచి 190 సెంటీమీటర్ల దాకా, అంటే నూటికి ఇరవై ఆరు వంతులకు పైగా మారుతూ ఉండగా, వారికి అమ్మే క్రాంకులు 165 నుంచి 175 దాకా, అంటే నూటికి ఆరు వంతులు మాత్రమే మారతాయి. అతిచిన్న ఫ్రేముకు కూడా 170 బిగించి పంపడం, చెప్పుకు తగినట్టు కాలు కోసుకొమ్మనడమే.

అనుయాయి: ఈ లెక్కలన్నీ పాతబడ్డాయి. తదేయ్ పొగాచర్ 172.5 వదిలి 165కు దిగాడు. 2024లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఇంకేం కావాలి? ఈ కార్బన్ క్రాంకు చూడండి, 165, ధర అడగవద్దు.

సంప్రదాయవాది: పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఉంది నాయనా. ఆయన అదే ఏడాది రోజుకు ఎన్ని గంటలు తొక్కాడో ఆ లెక్కను కూడా కొన్నావా? పైగా 165 చిన్నపిల్లల కొలత. ఏతానికి గడ పొడవైతేనే బావిలోంచి నీళ్ళు తేలికగా వస్తాయి. క్రాంకు పొడవైతేనే ఎత్తు ఎక్కుతుంది. ఆ కాలపు నల్ల సైకిలు క్రాంకు మగవాడి క్రాంకు. కాటర్ పిన్నుతో, అంటే ఇరుసుకూ చేతికీ మధ్య సుత్తితో దిగగొట్టే మేకుతో, బిగించినది.

మేస్త్రి: అది ఆరున్నర అంగుళాలు సార్. 165.

ఈ జవాబుతో కొంతసేపు మౌనం ఏర్పడింది. ఏతపు వాదం పూర్తిగా అబద్ధం కాదని ఇక్కడ వ్యాఖ్యానించడం అవసరం. 170 నుంచి 172.5కు మారితే, ఒకే బలంతో తొక్కినా ఇరుసును తిప్పే సత్తువ నూటికి ఒకటిన్నర వంతు పెరుగుతుంది; అయితే ఏతానికి గేర్లు లేవు, సైకిలుకు ఉన్నాయి. వెనుక చక్రపు పళ్ళచక్రంలో 24 పళ్ళ నుంచి 25కు మారినంత మాత్రాన నూటికి నాలుగు వంతులకు పైగా లాభం వస్తుంది కనుక, క్రాంకు మార్చి సంపాదించినదాని కంటే ఎక్కువ లాభం బొటనవేలితో ఒక మీట నొక్కితే దొరుకుతుంది. షెల్డన్ బ్రౌన్ అనే అమెరికన్ మెకానిక్ ఈ సంగతిని గెయిన్ రేషియో అనే కొలతలో ఇమిడ్చాడు: చక్రపు వ్యాసార్ధాన్ని క్రాంకు పొడవుతో భాగించి, ముందు పళ్ళను వెనుక పళ్ళతో భాగించగా వచ్చినదానితో గుణించాలి. 340 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, 170 క్రాంకు, ముందు 34, వెనుక 17 పళ్ళు అయితే జవాబు 4. పాదం ఒక మీటరు దూరం తిరిగితే సైకిలు నాలుగు మీటర్లు సాగుతుందని దాని అర్థం. క్రాంకు కూడా గేరులో ఒక భాగమేనని ఇంత సూటిగా చెప్పిన లెక్క మరొకటి లేదు.

సూత్రధారి: గేరు సంగతి సరే, శక్తి సంగతి? సరైన పొడవు లేకపోతే కండరాల శక్తి వృథా అవుతుంది కదా?

ఈ ప్రశ్నకు 2001లోనే జవాబు వెలువడింది. జేమ్స్ మార్టిన్, వానీన్ స్పిర్డూసో అనే పరిశోధకులు పదహారుమంది శిక్షణ పొందిన సైకిలిస్టుల చేత 120, 145, 170, 195, 220 మిల్లీమీటర్ల క్రాంకులను సర్వశక్తులతో తొక్కించి కొలిచారు. అత్యధిక సగటు 145 మీద 1194 వాట్లు. అత్యల్పం 220 మీద 1149 వాట్లు. నూరు మిల్లీమీటర్ల మేర మొత్తంలో వచ్చిన అతిపెద్ద తేడా నూటికి నాలుగు వంతులే. 145కూ 170కీ మధ్య చెప్పుకోదగిన భేదమే కనబడలేదు. క్రాంకు పొట్టిదైతే కాళ్ళు వేగంగా తిరిగాయి, పొడవైతే నెమ్మదించాయి. శరీరం తన సర్దుబాటు తానే చేసుకుంది. ఆ పరీక్ష కొన్ని క్షణాల ఉధృతికి సంబంధించినది కాబట్టి రోజంతా సాగే ప్రయాణానికి దాన్ని యథాతథంగా అన్వయించడం తగదు గాని, రెండున్నర మిల్లీమీటర్ల కోసం స్నేహాలు తెంచుకునేవారిని శాంతింపజేయడానికి మాత్రం చాలు.

సంప్రదాయవాది: పొడవుతో శక్తికి సంబంధం లేదంటే, మోకాలి నొప్పికి క్రాంకును తప్పుపట్టడం మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమే కదా?

మేస్త్రి: మోకాలికి సంబంధం ఉంది సార్. బోడిగుండుకే లేదు.

ఇంత చెప్పి మేస్త్రి అనుయాయి సైకిలు వైపు తిరిగి, కొత్త క్రాంకు వేసిన తరువాత సీటు ఎంత పైకి లేపారని అడిగాడు. లేపలేదని జవాబు. క్రాంకు ఏడున్నర మిల్లీమీటర్లు పొట్టిదైతే, పెడలు కిందికి వచ్చినప్పుడు పాదానికి అందవలసిన దూరం అంతమేర తగ్గుతుంది కాబట్టి సీటును అంతే పైకి ఎత్తాలి; అలా ఎత్తినప్పుడు, పెడలు పైనున్న వేళ సీటుకూ పాదానికీ మధ్య జాగా రెండింతలు, అంటే పదిహేను మిల్లీమీటర్లు పెరుగుతుంది. మోకాలు తక్కువగా ముడుచుకోవడం, తొడ పొట్టకు దూరమవడం, వంగి తొక్కేవారికి తుంటి దగ్గర ఊపిరాడటం, ఇవన్నీ ఈ పదిహేనులోనే ఉన్నాయి. విజేతలు పొట్టి క్రాంకు వైపు మొగ్గడానికి ఒక ముఖ్యకారణం ఇదే. సీటు ఎత్తకుండా క్రాంకు మార్చినవాడికి దక్కేది ఖర్చు, దానితోపాటు పెడలు కిందున్న వేళ మునుపటి కంటే ఎక్కువగా ముడుచుకున్న కాలు.

అనుయాయి: అందుకేనా నెల రోజులుగా శక్తి తగ్గినట్టుంది! పొగాచర్ సీటు ఎత్తు ఎంతో తెలిస్తే బాగుండును.

మేస్త్రి: అమ్మా, ముందు సీటు సంగతి. అది కిందికి ఉంది. మోకాలి ముందు నొప్పికి అది కూడా కారణం కావచ్చు. ఇప్పుడే కొంచెం ఎత్తుదాం, వారం తొక్కండి. పైన పొట్టకు తగలడం మాత్రం అప్పటికీ పూర్తిగా పోదు. 160 ఇప్పుడు పెద్ద కంపెనీలు కూడా చేస్తున్నాయి. ఇరుసు రకం కలిస్తే పిల్లల సైకిళ్ళకు వచ్చే 152 కూడా వేయవచ్చు, అది చవక.

ఉద్యోగిని: పిల్లల సామాను వేసుకుంటే ఎవరైనా నవ్వుతారేమో.

మేస్త్రి: క్రాంకు వెనకవైపు అంకె చూడటానికి ఎవరు వంగుతారమ్మా?

సూత్రధారి: అంకె చూడనక్కర లేదు. అలవాటుపడిన కాలికి ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా తెలిసిపోతుంది. అన్నట్టు, నా సైకిలు ఎడమవైపు కిరకిరమంటోంది, కాస్త చూడండి.

ఎడమ పెడలు మర ఎదురు దిశలో ఉంటుంది కనుక మేస్త్రి పానాను కుడివైపుకు తిప్పి పెడలు ఊడదీసి, క్రాంకు వెనుక మట్టిని గుడ్డతో తుడిచి, తరువాత కుడివైపు క్రాంకును కూడా అలాగే తుడిచాడు. కుడిదాని మీద 170 అనీ, ఎడమదాని మీద 172.5 అనీ చెక్కి ఉంది.

మేస్త్రి: ఎడమది ఎప్పుడైనా మార్చారా సార్?

సూత్రధారి: పోయిన ఏడాది పడినప్పుడు వంగిపోతే, వేరే చోట మార్పించడం జరిగింది.

ఏడాదిపాటు ఒక కాలు ఒక వృత్తాన్నీ, ఇంకొక కాలు మరొక వృత్తాన్నీ గీసినా అలవాటుపడిన కాళ్ళు ఆ సంగతిని పైకి నివేదించలేదన్నమాట. సూత్రధారి ముఖంలో మొదట వెలవెల, ఆపైన క్రమంగా ఒక కొత్త వెలుగు కనిపించాయి. రెండు కాళ్ళనూ విడివిడిగా కొలిచి, ఎడమది సరిగ్గా 11.6 మిల్లీమీటర్లు పొడవని తేలితే సూత్రానికి భంగం ఉండదని ఆయన ప్రకటించి, గోడకు వీపు ఆనించి, కాళ్ళ మధ్య బిగించడానికి ఒక పుస్తకం కావాలని అడిగాడు. మేస్త్రి అరలోంచి అరువుల ఖాతా పుస్తకం తీసి ఇచ్చాడు.