‘మై’కి బదిలీ

సికింద్రాబాద్ ఈస్ట్ మారేడుపల్లిలో ఒక రిటైర్డ్ రైల్వే గుమాస్తాగారికి ఈమధ్య నిద్ర సరిగా పట్టడం లేదు. బీపీ వల్ల కాదు, పెన్షన్ బకాయి వల్ల కాదు. మనవడి నోటుబుక్కు వల్ల. ‘మై బ్రదర్ రన్స్ ఫాస్ట్’ అన్న వాక్యంలో ‘మై’ కింద ఆయన దగ్గరుండి ‘అడ్జెక్టివ్’ అని రాయించారు. టీచరమ్మ ఎర్రసిరాతో కొట్టేసి పక్కన ‘డిటర్మినర్’ అని రాసింది. అర మార్కు పోయింది.

“తాతయ్యా, నువ్వు చెప్పిందే కదా రాశాను” అన్నాడు వాడు.

అటక మీది రెన్ అండ్ మార్టిన్ కిందికి దిగింది. 1930ల నాటి ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం. తర్వాత సవరించింది ఎన్.డి.వి. ప్రసాదరావుగారని అట్ట మీదే ఉంటుంది. ఆ పేరు చూడగానే తాతగారికి కొండంత ధైర్యం వచ్చింది. అందులో ‘మై’ పొసెసివ్ అడ్జెక్టివే! “నేను రైల్ నిలయంలో ఉన్నన్నాళ్లూ అడ్జెక్టివ్‌గా పనిచేసినదాన్ని, నేనిటు రిటైరవగానే అటు బదిలీ చేస్తారా? కనీసం సర్క్యులరైనా పంపరా?”

అసలు ఇంగ్లీషు భాషాభాగాలు ఎనిమిదనే ఈ లెక్కే చిత్రమైనది. క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు పండితుడు డయొనీసియస్ థ్రాక్స్ పేరిట ఉన్న వ్యాకరణంలో భాషాభాగాలు ఎనిమిది. వాటిలో ఆర్టికల్ ఒకటి. లాటిన్‌లో ఆర్టికలే లేదు కాబట్టి రోమన్లకు ఏడే మిగిలాయి. ఏడుతో సరిపెట్టుకోవచ్చుగా? ఊహూఁ. గ్రీకులు క్రియావిశేషణాల్లో కలిపేసిన ఇంటర్‌జెక్షన్‌ను విడదీసి, మంజూరైన పోస్టు ఖాళీగా ఉంటే రద్దవుతుందన్నట్టు అందులో కూర్చోబెట్టారు. 1795లో లిండ్లీ మర్రే ఇంగ్లీషు వ్యాకరణం రాస్తూ, ఆర్టికల్‌ను కూడా విడిగా లెక్కేసి తొమ్మిదన్నాడు.

ఇంతకీ ఆ ఇంటర్‌జెక్షన్ చేసే పనేమిటి? సికింద్రాబాద్ స్టేషన్‌లో నిలబడండి. రైలు రెండు గంటలు లేటని మైకు చెబుతుంది. ఒకాయన “అరెరె” అంటాడు. సంచి మీద కూర్చున్నావిడ “వామ్మో” అంటుంది. కుర్రాడొకడు “ఓర్నీ” అంటాడు. ముగ్గురూ బడి మొహం చూడకపోయినా సరే, ఒక్కరికీ తప్పు పోదు. ఎవరూ నేర్పకుండా వచ్చే దీనికి హోంవర్కొకటి! తెలుగు వ్యాకరణం గడుసుది. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని అయిదుతో ముగించి, అయ్యోలనూ ఆహాలనూ అవ్యయంలో పడేసి చేతులు దులుపుకుంది.

ఇదంతా ఉత్సాహంగా చెప్పుకొస్తుంటే మనవడు మధ్యలో అడిగాడు: “అవ్యయం అంటే ఏంటి తాతయ్యా?”

తాతగారి జోరు తగ్గింది. అడ్జెక్టివుల రకాలన్నీ కంఠతా వచ్చినా, సర్వీసులో ఏ ఆఫీసరు ఎదుటా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు ధైర్యంగా మాట్లాడింది లేదాయన. వీడు గడగడా మాట్లాడతాడు, ఏ మాట కింద ఏం రాయాలో తెలియక కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. తెలుగు భాషాభాగాల సంగతి వాడికి ఇంట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఇన్నాళ్లూ రెన్ అండ్ మార్టినే భద్రంగా దాచుకున్నాడు.

టీచర్లకు ఒక్క మనవి. అడ్జెక్టివ్, డిటర్మినర్, రెండూ అచ్చయిన పుస్తకాల్లో ఉన్న పేర్లే. పిల్లాడు ఏది రాసినా ఆ అర మార్కు ఇచ్చేయండి.