బరువులెత్తే మగజాతికి జేజేలు

వేసెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, చేయించుకున్న మగవాడు బరువులెత్తలేడట. అందుకే మన మగవాళ్లు ఆ ఆపరేషన్ గది వైపు తొంగి కూడా చూడరు. బియ్యం బస్తా కొట్టువాడు ఆటోలో వేస్తాడు, గ్యాస్ బండ డెలివరీ కుర్రాడు మోస్తాడు. ఇక మిగిలింది ఇంటి పరువు. పాపం, దాన్ని మాత్రం మోస్తూనే ఉన్నారు.

ట్యూబెక్టమీ అయిన ఆడమనిషికి ఈ బెంగ లేదు. పొట్ట మీద కుట్లు ఆరకముందే బిందె ఎత్తొచ్చు, మిరప చేలో కాయలు కోయొచ్చు. ఆమె నీరసం గురించి ఊళ్లో ఎవరికీ ఎలాంటి సిద్ధాంతమూ లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. భర్త చేయించుకున్న జంటలు నూటికి ఒకటి కూడా లేవు. మాత్రలు, లూప్, కండోమ్ అన్నీ కలిపినా ఒక శాతం దరిదాపుల్లోనే. దీన్ని పథకాల భాషలో ‘బాస్కెట్ ఆఫ్ ఛాయిస్’ అంటారు. బుట్ట పెద్దదే, అందులో ఉన్నది ఒకటే కాయ.

రెండో కాన్పు కాగానే నర్సమ్మ అడిగే మొదటి ప్రశ్న, “ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకుంటావమ్మా?” మొగుడు పక్కనే ఫోను చూసుకుంటూ నిలబడి ఉంటాడు. ఆయన్ని అడగరు. ఒకవేళ అడిగినా అత్తగారు ఊరుకోదు: “వాడికెందుకమ్మా కోతలు, సంపాదించేవాడు!” కూలికెళ్లే కోడలు తెచ్చేది సంపాదన కాదు గదా. నిజానికి చైనాలో 1974లోనే వచ్చిన పద్ధతిలో మగవాడికి కోతా లేదు, కుట్టూ లేదు. చిన్న రంధ్రం, కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి. ప్రభుత్వం చేతిలో పెట్టే సొమ్ము కూడా ఆడవాళ్ల కంటే ఎక్కువే. అయినా వీరుడు కదలడు.

ఎమర్జెన్సీ భయం అంటారా? నిజమే, 1976-77లో 60 లక్షలకు పైగా వేసెక్టమీలు జరిగాయి, చాలా చోట్ల బలవంతంగానే. దాంతో మగవాళ్లకు కోపమొచ్చింది, ఢిల్లీలో ప్రభుత్వమే పడిపోయింది. మరి ఆడవాళ్ల సంగతి? 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క శిబిరంలోనే 83 మందికి ఆపరేషన్లు చేశారు; అక్కడి శిబిరాల్లో 13 మంది ఆడవాళ్లు చనిపోయారు. శిబిరాలు మూడేళ్లలో ఆపేయమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేశారు, నలుగురు పోయారు. ఈసారి ఏ ప్రభుత్వమూ పడిపోలేదు.

ఇప్పుడు కథ ఇంకో మలుపు తిరిగింది. ఇద్దరికి మించి కంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే పిలుపునిస్తున్నారు. ఇద్దరు పుట్టగానే శిబిరానికి తోలిన ఆడవాళ్లు ఆ పిలుపును టీవీలో వింటున్నారు. మగవాళ్లకు మాత్రం ఏ చిక్కూ లేదు. నిన్నటి పిలుపుకీ కదల్లేదు కాబట్టి, నేటి పిలుపుకి సర్వసన్నద్ధంగా ఉన్నారు.