ఆఖరి మీటరు

భద్రాచలంలో ఓ హైఫై భక్తుడు స్టీరియోకి కేబుళ్లు సొంతంగా చేసుకుంటున్నాడు.

ఆక్సిజన్ లేని, 99.99 శాతం స్వచ్ఛమైన రాగి. కొసన బంగారు పూత పిన్ను. సోల్డరింగ్ కాస్త మసకబారిందా, కోసేసి మళ్లీ మొదలు!

కరెంటు మాత్రం పాల్వంచ థర్మల్ నుంచో, మరెక్కణ్ణుంచో, అడవి దాటి అల్యూమినియం తీగల మీదే వస్తోంది. మధ్యలో కోతులు ఊగుతాయి. అయినా లోపమంతా ఆఖరి మీటరులోనేనట.

ఒకప్పుడు రాములోరి కల్యాణానికి ఉషశ్రీ రేడియో వ్యాఖ్యానం వీధి వీధంతా డొక్కు ట్రాన్సిస్టర్‌లోనే విని మురిసింది. పాపం, అప్పుడు వాళ్లకి కేబుల్ సంగతి తెలీదు.

నిన్న కొత్త తీగ తగిలించి, కళ్లు మూసుకున్నాడు.

‘‘ఏమే, తేడా తెలుస్తోందా? గరగర అన్నదే లేదు!’’

‘‘తెలుస్తోందండీ. ఫ్యాను కూడా ఆగింది.’’