హైఫన్ ఎఫ్ బాబాయి

పుదుచ్చేరి ముత్యాలుపేటలో తెల్లవారుజామున నాలుగున్నరకి ఓ మేడగదిలో లైటు వెలిగిందంటే ఎవరికో ఒంట్లో బాగోలేదని కంగారు పడక్కర్లేదు. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తాగారు రేడియో పెడుతున్నారన్నమాట.

పెట్టడమంటే చెవి మెలిపెట్టడం కాదు. ఆయన లాప్‌టాప్ ముందు బాసింపట్టు వేసుకుని, సంకల్పం చెప్పుకున్నట్టు పైకి చదువుతూ టైపు చేస్తారు: "ఆర్‌టీఎల్ అండర్‌స్కోర్ ఎఫ్ఎం, హైఫన్ ఎఫ్ 102.8ఎం, హైఫన్ ఎం డబ్ల్యూబీఎఫ్ఎం, నిలువు గీత, ఏప్లే..." 102.8 అంటే ఊళ్లోని ఆకాశవాణి రెయిన్‌బో. వీధి పిల్లలు ఆయనకి హైఫన్ ఎఫ్ బాబాయి అని పేరు పెట్టేశారు. ఆ నిలువు గీతే అసలు గొట్టం. వచ్చిన శబ్దాన్ని స్పీకరు దాకా మోసేది అదే. ఓ రోజు మర్చిపోయారు. పాట రాలేదు సరికదా, తెర నిండా చెదలు పట్టిన తాళపత్రం లాంటి పిచ్చి అక్షరాలు జలజలా రాలాయి.

పరికరం బొటనవేలంత. డిజిటల్ టీవీ చూడ్డానికి పుట్టిన యూఎస్‌బీ ముక్క. అందులోని ఆర్‌టీఎల్2832యు చిప్పు అడిగితే రేడియో తరంగాల్ని పచ్చిగానే కంప్యూటరుకి అప్పగిస్తుందని 2012లో ప్రోగ్రామర్లు పసిగట్టారు. ఇక వండుకోవడం సాఫ్ట్‌వేరు పని. కాకపోతే లినక్సులోని టీవీ డ్రైవరు బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టు ముందే దాన్ని ఆక్రమించుకుంటుంది. దాన్ని లేపడానికి బాబాయికి ఓ ఆదివారం పూర్తిగా పట్టింది. (ఆ ఆదివారం తేవలసిన చేపలు రాలేదు.)

"ఏవండీ, ఈ పాటలన్నీ నా ఫోన్లోనే వస్తున్నాయి కదండీ," అంటారు వాళ్లావిడ.

"ఫోన్లో వచ్చేది ఇంటర్నెట్టే. గాల్లోంచి పట్టాలి, ఆయ్!"

పట్టిన పాట మాత్రం వినరు. పల్లవి పూర్తయ్యేలోపు గెయిన్ మార్చి, ఆపి, మళ్లీ మొదలెడతారు. 107.8లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం వారి పుదువై వాణికీ ఇదే మర్యాద.

నిజమైన గురి 837 కిలోహెర్ట్జ్, విజయవాడ మీడియం వేవ్. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం. ఇక్కడికి 500 కిలోమీటర్ల పైనే. పగలు ఆకాశంలో కింది పొర ఆ తరంగాల్ని మింగేస్తుంది, రాత్రి ఆ పొర పలచబడితే పై పొరకి తగిలి కిందికి దిగుతాయి. కాబట్టి సముద్రంలోంచి సూర్యుడు లేచేలోపే పట్టాలి. పరికరంలోని ట్యూనరుకి అంత కింది ఫ్రీక్వెన్సీ అందదు. "హైఫన్ ఈ డైరెక్ట్2" అని చేర్చి దాన్ని పక్కకి తప్పించాలి. డాబా మీద రాగి తీగ కట్టారు. ఉప్పుగాలికి అది గోంగూర రంగుకి తిరిగింది.

మొన్నో వేకువన వాల్టర్ కాఫ్‌మన్ కట్టిన ఆకాశవాణి సంకేత సంగీతం నాలుగు క్షణాలు వినిపించింది. బాబాయి కళ్లలో నీళ్లు. అంతలో బుర్రుమని మోత. కింద ఇంటావిడ ముగ్గు వెయ్యడానికి గేటు దగ్గర ఎల్‌ఈడీ బల్బు వేశారు. దాని రొదే రేడియోలో పడింది.

అప్పట్నుంచి రోజూ దిగి వెళ్లి, ముగ్గుకి ఆ వెలుతురెందుకమ్మా, వీధిలైటు చాలదా అని వినయంగా అడుగుతున్నారు. ఆవిడ చుక్కలు పెడుతూ తలెత్తకుండా అరవంలో చెప్పే జవాబు ఒకటే. గేటు లైటు మీటరు మాదే సార్, మీ బిల్లులో పడదు.