ట్విస్టు మామ

బళ్లారి ఎండకు జడిసి మధ్యాహ్నం పూట కంటోన్మెంట్‌లో ఎవరూ గడప దాటరు. సరిగ్గా ఆ వేళకే, ఫ్యాను కింద పడక్కుర్చీలో కూర్చొని హత్యా రహస్యాలు ఛేదించే జాతి ఒకటి ఇక్కడ ఉంది. రైల్వేలోనో బ్యాంకులోనో చేసి రిటైరైనవాళ్లు. కూరగాయలు కన్నడంలో బేరమాడతారు, నవలలు తెలుగులో చదువుతారు, కోపం వస్తే ఇంగ్లీషులోకి దిగుతారు. మా వీధిలో ఆ జాతికి ప్రతినిధి ఒకాయన ఉన్నాడు. పిల్లలు ఆయన్ను ట్విస్టు మామ అంటారు. ఎదురుపడితే మాత్రం ఒట్టి మామే.

మామ ఏ థ్రిల్లర్‌నూ బాగుందనడు, బాగాలేదనడు. ఎన్నో పేజీలో దొరికిపోయిందో చెబుతాడు. "నలభై మూడో పేజీలోనే పట్టేస్తి గదప్పా!" అంతే సమీక్ష. ముందే పట్టేస్తే రచయితకు తెలివి లేదు, పట్టలేకపోతే రచయిత మోసం చేశాడు. పాపం రాసేవాడికి మూడో దారి లేదు. జపాన్ రచయిత కీగో హిగాషినో ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’లో చంపిందెవరో మొదట్లోనే చూపించేస్తాడు, దాచిపెట్టిన కిటుకు వేరే ఉంటుంది. అది చదివాక మామ కొన్నాళ్లు మనిషిలా లేడు. "హంతకుణ్ని వాళ్లే చెప్పేస్తే ఇంక నాకేం పనప్పా?" అని ఒకటే బాధ.

2019లో వచ్చిన ‘ది సైలెంట్ పేషెంట్’ ఇంకో తంటా. మొగుణ్ని తుపాకితో కాల్చి, ఆ తర్వాత నోరు విప్పని ఒక చిత్రకారిణి కథ. "ఏండ్ల తరబడి ఒక్క మాట మాట్లాడదంట! యాడన్నా ఉంటాదా ఇది?" అని మామ అరుగు మీద తీర్పు చెబుతుంటే వంటింట్లోంచి అత్త అందుకుంది. "మాట్లాడకపోయేది నాకు తెలీదు గానీ, ఎందుకు కాల్చిందో నాకు తెలుసు. ఆయప్ప గూడా సినిమాకు పోతే పక్కన కూచోని కథ ముందే చెప్పే రకమై ఉంటాడు."

మామ సిద్ధాంతం ప్రకారం థ్రిల్లర్ అనేది వారపత్రికలతోనే పోయింది. యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమిలో వారం వారం వచ్చేటప్పుడు పత్రిక కోసం స్టేషన్‌లో కాపు కాసిన మనిషి. క్షుద్రపూజలకన్నా ‘సశేషం’ అన్న ముక్కే తనను ఎక్కువ భయపెట్టిందంటాడు. పక్కింటి కన్నడ సారు ఇది విని ఊరుకోడు. "తులసిదళ నమ్మదు (మాది) సార్" అని 1985లో వచ్చిన కన్నడ సినిమాను సాక్ష్యం తెస్తాడు. "తీసింది మీరు, భయపడింది మేము" అని మామ జవాబు. ఇద్దరూ పోట్లాడి, ఉగ్గాని బజ్జీ దగ్గర రాజీ పడతారు.

ఈ సిద్ధాంతం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఎవరికైనా పుస్తకం అరువిస్తే మామ చివరి ఇరవై పేజీలకు స్టేప్లర్ కొట్టి ఇస్తాడు. అక్కడిదాకా చదివి, వచ్చి, ఎవరిమీద అనుమానమో ఆయన ముందు చెప్పాలి. అప్పుడు గానీ పిన్నులు ఊడవు. "వచ్చే వారం రా" అనడం కూడా ఉంది. కుర్రవాళ్లు ఫోన్లో చదువుకోవడానికి అలవాటు పడ్డారంటే పడరూ మరి?

అయితే ఒక మాటలో ఆయనదే న్యాయం. ఇప్పటి పుస్తకాల అట్టమీదే ‘మీరు ఊహించలేని మలుపు’ అని అచ్చేస్తున్నారు. అలా రాశాక ఊహించకుండా కూర్చునే పాఠకుడు ఎవడుంటాడు?

మనసు పిండే నవలల దగ్గర మామ పెన్సిల్ తీస్తాడు. మార్జిన్‌లో ‘ఇక్కడ ఏడవచ్చు’, ‘ఇక్కడ అక్కరలేదు’ అని గుర్తులు. వానలో మొదలయ్యే ప్రేమ కనిపిస్తే పేజీ మొత్తం కొట్టేస్తాడు. "మనూర్లో వాన కోసం కాసుకోని కూచుంటే ఒక్క పెండ్లన్నా అయ్యేదా?" అని. పైగా ఏడుపు విషయంలో బళ్లారివాళ్లకు పెద్దరికం ఉందని ఆయన నమ్మకం. సంస్కృత నాటకాల పద్ధతిని కాదని ‘విషాద సారంగధర’ను దుఃఖంతో ముగించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఈ ఊళ్లో వకీలు, సరస వినోదినీ సభ పెట్టి నాటకాలు ఆడించింది ఇక్కడే. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరు. "ఏడిపించాలంటే అట్లా కాళ్లూ చేతులూ నరికించాల. వాట్సాప్‌లో జవాబీలేదని మూడు చాప్టర్లు ఏడిస్తే ఎట్లప్పా?"

రవి మంత్రి ‘అమ్మ డైరీలో కొన్ని పేజీలు’ కుర్రకారు చేతుల్లో బాగా తిరిగిన నవల. మేనకోడలు తెచ్చిస్తే మామ పేరు చూసే కొట్టిపారేశాడు. "ఇంకొకరి డైరీ చదవడమే తప్పు, అందులోనూ అమ్మది!" అని ఉపన్యాసం ఇచ్చి, భోజనం కూడా మరిచి తెల్లారేసరికి పూర్తి చేశాడు. మార్జిన్‌లో ఒక్క పెన్సిల్ గీతా లేదు. కాఫీ తాగుతూ అత్తను మెల్లగా అడిగాడట.

"ఏమే, నువ్వేమన్నా డైరీ రాసినావా?"

"రాసినా. చివరి ఇరవై పేజీలకు పిన్నులు కొట్టి పెట్టినా."

మీకు ఆ పుస్తకాల బీరువా మీద ఆశ ఉంటే ఉదయం పూట వెళ్లండి, ఉగ్గాని కూడా దొరుకుతుంది. అనుమానితుడి పేరు అడిగితే తప్పు పేరే చెప్పండి. సరిగ్గా చెప్పినవాడికి మామ రెండో పుస్తకం ఇవ్వడు.