నాలుగవ పాదము: ఒక సెల్లారు సూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము: ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి.

అవతారిక: బ్యాటరీ చచ్చిన కారొకటి అపార్ట్‌మెంటు సెల్లారునందు బానెట్ తెరచుకొని నిలిచియుండగా, లిఫ్టు దిగివచ్చిన పెద్దమనిషి చేతులు వెనుకకు కట్టుకొని, లోకోపకారార్థమై ఈ సూత్రము నుపదేశించి, కేబులు సంగతి అడుగకమునుపే నిష్క్రమించును.

ప్రతిపదార్థము: సుగమము గనుక విడువబడినది. ఎరుపు ప్లస్, నలుపు మైనస్ అని ఎరుగనివారు ఈ గ్రంథమునకు అధికారులు కారు.

అన్వయము: ఎర్ర క్లిప్పు మొదట చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, ఆ కేబులు రెండవ కొన పక్కబండియందలి బతికిన బ్యాటరీ ప్లస్‌కు, నల్ల క్లిప్పు బతికినదాని మైనస్‌కు. ఇంతటితో మూడు పాదములు. నాలుగవ దానియందే సూత్రకారుడు జారిపడెను.

విశేషము: ఇచట అవధానప్రసంగ మవసరము. అవసరము కాకున్నను చేయుదుము. సమస్యాపూరణమున పృచ్ఛకుడిచ్చునది సాధారణముగ కడపటి పాదము. పిచ్చిమాటవలె తోచు దానిని పట్టుకొని, ముందరి మూడింటిని కట్టి, అవధాని దానికి బుద్ధి గరపును. తిరుపతి వేంకటకవులు సంస్థానములు తిరిగి ఈ విద్యకు ఊరూర రుచి పుట్టించిరి. నిషిద్ధాక్షరి మరింత సొగసు: అవధాని వేయబోవు అక్షరమును పసిగట్టి పృచ్ఛకుడు వలదనును. అట్లు వలదనుటకు అవధానికున్నంత పాండిత్యము కావలెను. ఊరక అడ్డుతగులువానికి అక్కడ పీట వేయరు. ఇక అప్రస్తుతప్రసంగి. పద్యము పాకమున పడువేళ వంకాయకూర సంగతి ఎత్తును. కాని అతనికిని సమయజ్ఞత గలదు, సభను నవ్వించి ఊరకుండును. మన సెల్లారునందన్ననో, ఎనమండుగురు పృచ్ఛకులును అప్రస్తుతప్రసంగులే. ఒకరు "తొయ్యండి" అందురు (ఇది ప్రాచీనశాఖ, ఆటోమేటిక్ గేరు బండ్లయందు చెల్లదు). ఒకరు కారు ఏ సంవత్సరపుదని అడుగుదురు. ఒకరు మైలేజీ ఎంతందురు.

శంక: నల్లది నల్లదానికే పెట్టిన దోషమేమి? ప్రాస చక్కగ కుదిరినది గదా?

సమాధానము: కుదురుటయే దోషము. గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు బ్యాటరీని కనిపెట్టిన నాటి నుంచి దాని గుణం మారలేదు. ఛార్జి ఎక్కేటప్పుడు లోపలి నీరు కొంత హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. ఆ రవ్వ సాధారణంగా ఎగిరేది చివరి క్లిప్పు తగిలినప్పుడే. దాన్ని సరిగ్గా బ్యాటరీ నెత్తినే ఎగరేయమంటున్నారు ఈ పెద్దమనిషి! పేలితే మొహం మీద పడేది సల్ఫ్యూరిక్ యాసిడ్. వంగి చూస్తున్నది ఆయన కాదు, మనం. అందుకే నాలుగో క్లిప్పు పెట్టాల్సింది చచ్చిన బండి ఇంజనుకు, బ్యాటరీకి దూరంగా, రంగు లేని ఇనుము కనిపించిన చోట. బ్యాటరీ మైనస్ ఎలాగూ బండి ఒంటికే బిగించి ఉంటుంది, కరెంటు దారి తప్పదు. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. నా కారుతో ఇచ్చిన పుస్తకంలోనూ బొమ్మ ఉంది, బాణం ఉంది, పసుపు త్రిభుజం ఉంది. ఎందుకన్నది మాత్రం లేదు. ఆఫీసుకు ఆలస్యమవుతున్నవాడు ప్రాస ఉన్నదాన్ని నమ్ముతాడా, ప్రాస తప్పిన బాణాన్ని నమ్ముతాడా?

పాఠాంతరము: "ఎదురుగానున్న లారీనుండి కలుపుడు" అని కొన్ని ప్రతులందు గలదు. లారీది తరచు 24 వోల్టులు, కారుది 12. ఇది ప్రక్షిప్తము, ఇట్టిదానిని పఠించినవారే రిపేరు బిల్లు భరింపవలెను. పగిలిన బ్యాటరీకి, యాసిడ్ కారుదానికి అసలీ సంస్కారమే లేదు.

తాత్పర్యము: బతికిన బండిని ముందుగ స్టార్టు చేసి, కొన్ని నిమిషములు ఆగి, పిమ్మట చచ్చినదానికి తాళము తిప్పవలెను. లేచిన వెనుక క్లిప్పులు తీయుట విలోమపఠనము: ఇంజనుపై నున్న నల్లది మొదట, చచ్చినదానిపై ఎర్రది కడపట. తరువాత అరగంటయైన ఇంజను ఆపరాదు. సరిగా ఈ వేళకే పెద్దమనిషి కూరగాయల సంచితో తిరిగివచ్చి, "ఇంక ఆపెయ్యండి, పెట్రోలు దండగ" అనును. ఆ మాట విని ఆపినవారికి ఈ గ్రంథమున ప్రాయశ్చిత్తము చెప్పబడలేదు.