పన్నెండు ఫ్రేముల సూర్యుడు

నా పేరు యాషికా-డి. పుట్టింది జపాన్‌లో, బతుకంతా వనపర్తిలో. ఇప్పుడు నా చోటు మా స్టూడియోలో అద్దాల బీరువా పై అర. నాకు రెండు కటకాలు, ఒకదాని మీద ఒకటి. పైది స్టూడియో నడిపే మా సార్ చూసుకోవడానికి, కిందిది ఫిల్ముకు చూపడానికి. నన్ను మెడకు తగిలించుకుని, తల వంచి, నా నెత్తిమీది గరుకుటద్దంలోకి చూస్తూ ఫోటో తీయాలి. అట్లా గద్వాల చీరలు కట్టిన ఎందరు పెళ్లికూతుళ్లను తీశామో! కానీ నన్ను ఎవరైనా ఒక్క రోజు సంగతి చెప్పమంటే 1980 ఫిబ్రవరి 16, శనివారం సంగతే చెబుతాను.

ఆ రోజు చంద్రుడి నీడ కర్ణాటక తీరంలో అంకోలా దగ్గర నేలకెక్కి, హుబ్లీ, రాయచూరు మీదుగా మా వైపు వచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దాటి, ఈశాన్యంగా పోయి, ఒడిశాలో పూరీ, కోణార్క్ దగ్గర మళ్లీ సముద్రంలోకి దిగింది. అప్పుడు ఈ మూడు ఊళ్లూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. మా ఊళ్లో సూర్యుడు పూర్తిగా మూసుకుపోయేది రెండు నిమిషాల పైచిలుకు, మూడు నిమిషాల లోపు. ఆ కాస్త సేపట్లో నా మీద ఏ అంకెలు పెట్టాలన్నదే మా స్టూడియోలో నెల రోజులు నడిచిన చర్చ.

నాకున్న అంకెలేమిటో ముందు చెప్పాలి. కటకాల పక్కన అటొకటి ఇటొకటి రెండు చిన్న చక్రాలు. ఒకటి ఎపర్చరుకు: 3.5 నుంచి 22 దాకా. రెండోది షట్టరు స్పీడుకు: ఒక సెకను, అందులో సగం, అందులో సగం, అట్లా సెకనులో 500వ వంతు దాకా. బొటనవేళ్లతో తిప్పితే అంకెలు పై కటకం నెత్తిన ఉన్న చిన్న కిటికీలో కనిపిస్తాయి. లైట్ మీటరు లేదు. రీలుకు పన్నెండు ఫోటోలు. ఒక్కో ఫోటోకు నాబ్ మధ్యలోని బొత్తాం నొక్కి ఫిల్ము తిప్పాలి, తర్వాత షట్టరు లివరు వేరుగా లాగాలి. ఈ లివరు వేరుగా ఉండడమే ఆ రోజు నాకు వరమైంది. ఫిల్ము జరపకుండా ఒకే ఫ్రేము మీద ఎన్నిసార్లైనా తీయవచ్చు.

గ్రహణం ఫోటో తీయాలన్న ఆలోచన మా సార్ బుర్రలో వేసింది పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ గారు. వనపర్తి సంస్థానం కోటలో నడిచే కాలేజీ అది. ఆయన వచ్చి కూర్చుని మొదట చెప్పింది కెమెరా గురించి కాదు, 1868 ఆగస్టు 18 గురించి. ఆనాటి సంపూర్ణ గ్రహణానికి ప్రపంచం నుంచి పండితులు తెలుగు నేల మీదికి దిగారు. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ పెద్ద పోగ్సన్ మచిలీపట్నంలో గుడారం వేశాడు. ఆ సూర్యుడి అంచు మంటల వెలుగులో కనిపించిన పసుపు గీత తర్వాత హీలియంగా పేరు తెచ్చుకుంది. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి పరికరాలు పట్టుకుని వచ్చింది మాత్రం ఎక్కడికో కాదు, వనపర్తికి. గుంటూరులోనే టెనెంట్ అనే సైనికాధికారి గాజు పలకల మీద ఫోటోలు తీశాడు. సూర్యుడి అంచున లేచిన ఒక పెద్ద కొమ్ములాంటి మంట అందులో పడింది. “మన ఊళ్లె నిలబడి చూసిన్రన్నా. నూటపన్నెండేండ్ల తర్వాత మళ్ల మన ఊరి మీదికే వస్తున్నది. మనమొక్క ఫోటో అన్న తియ్యకుంటె ఎట్ల?” అన్నారు. ఊరికి ఇంత ఘనత ఉందని మా సార్‌కు అంతవరకు తెలియదు. నాకు కొత్త తోలు పట్టీ ఆ సాయంత్రమే వచ్చింది.

ముందు నా కొలత తెలియాలి. నా కటకం 80 మిల్లీమీటర్లది. దాంట్లోంచి సూర్యుడు ఫిల్ము మీద ముక్కాలు మిల్లీమీటరుకు మించడు, ఆవగింజలో సగం. గ్రహణానికి ముందొచ్చిన పౌర్ణమి రాత్రి నన్ను మిద్దె మీద చెక్క స్టాండుకు బిగించి చంద్రుడి మీద పరీక్ష చేశారు. పున్నమి చంద్రుడు చూపుకు సూర్యుడంతే ఉంటాడు. సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి చుట్టూ కనిపించే తెల్లటి కరోనా వెలుగంతా కలిపినా పున్నమి వెన్నెల పాటిదే. కాబట్టి స్టాండు వణుకుతోందా, ఫోకస్ సరిగ్గా దూరాన నిలిచిందా అన్నవి తేల్చుకోవడానికి అంతకంటే మంచి రాత్రి లేదు. వణుకు ఉంది. స్టాండు కాళ్లకు రాయి వేలాడదీశారు, కేబుల్ రిలీజు తగిలించారు. ఫోకస్ నాబ్ కదలకుండా పట్టీ అంటించారు.

ఇక అంకె. మా సార్ ఇరవై ఏళ్లుగా వెలుగును కంటితో కొలిచేవారు. పెళ్లి పందిరైనా, పొలం గట్టైనా ఒక్క చూపు చూసి స్పీడు పెడితే నెగటివ్ సరిగ్గా వచ్చేది. అందుకే ఆయన అడిగింది ఒక్కటే: “కరోనాకు కరెక్ట్ ఎక్స్‌పోజర్ ఎంత సార్?”

“అట్లాంటిది లేదన్నా” అన్నారు లెక్చరర్ గారు.

లేదు మరి. చంద్రుడి నల్ల బిళ్ల అంచున కనిపించే ఎర్రటి జ్వాలలు అత్యంత ప్రకాశవంతం. వాటిని ఆనుకుని ఉన్న కరోనా అంతకు తక్కువ. బయటికి పోయేకొద్దీ వెలుగు గబగబా పడిపోతుంది. సూర్యుడి వెడల్పంత దూరం పోయేసరికి అంచు దగ్గరున్న దానిలో వందో వంతు కూడా మిగలదు. మనిషి కన్ను ఆ మొత్తాన్నీ ఒక్క చూపులో సర్దుకుంటుంది. ఫిల్ముకు ఆ శక్తి లేదు. జ్వాలలకు పెట్టిన స్పీడులో కరోనా బయటి రేకులు పడవు. రేకులకు పెట్టిన స్పీడులో జ్వాలలు తెల్లగా కాలిపోతాయి. ఏ అంకె పెట్టినా ఒక గ్రహణం దొరుకుతుంది, మిగతా గ్రహణం పోతుంది.

ఈ చిక్కును మాకు దగ్గర్లోనే ఇంకొకరు వేరే దారిలో విప్పారు. నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెంలో అమెరికా హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వాళ్లు విడిది చేశారు. వాళ్ల కెమెరా రూపకర్త న్యూకర్క్ అనే శాస్త్రవేత్త. ఫిల్ముకు ముందు ఒక ప్రత్యేకమైన ఫిల్టరు ఉంటుంది దానికి. మధ్యలో చిక్కగా, బయటికి పోయేకొద్దీ పలచగా. లోపలి వెలుగును తొక్కిపట్టి బయటి వెలుగును వదులుతుంది. అందుకే ఒక్క ఫోటోలోనే కరోనా మొత్తం దిగింది. పాలెంలో తీసిన ఆ ఫోటోను సౌరశాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ చూస్తారు. అటు రంగారెడ్డి జిల్లాలో ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా ఆ నీడలోనే ఉంది. 48 అంగుళాల టెలిస్కోపున్న చోటు. పెద్ద పరికరాల నడుమ నేనెంత! అయినా సూర్యుడు వాళ్లకూ నాకూ ఒక్కడే.

అలాంటి ఫిల్టరు మాకెక్కడిది? కాబట్టి ముక్కలుగా తీయాలని తేలింది. ఫిల్ము ఓర్వో ఎన్‌పీ 22, అంటే 125 ఏఎస్‌ఏ. ఎపర్చరు 8 దగ్గర కట్టేశారు. నా కటకం అక్కడే అన్ని మూలలా పదునుగా ఉంటుంది. చీకట్లో రెండు చక్రాలు తిప్పుకుంటూ కూర్చోలేరు, ఒక్కటే కదలాలి. అట్టముక్క మీద వరుస రాసుకున్నారు: 500, 250, 125, 60, 30, 15, 8, 4, 2, ఒక సెకను, మళ్లీ 15, చివర మళ్లీ 500. పన్నెండు. మొదటి 500 సూర్యుడు మూసుకుపోయే క్షణాన అంచున మెరిసే వజ్రపుటుంగరానికి, 250 జ్వాలలకు, 125 నుంచి 30 దాకా లోపలి కరోనాకు, ఆ తర్వాతవి రేకులకు. ఒక సెకను దాకా పోయినా సూర్యుడి కదలిక నా చిన్న కటకంలో తెలియదు. పెద్ద లెన్సులకే ఆ బాధ. ఫోటోకు పది సెకన్లు. నా షట్టరుకు ఒక పట్టింపు ఉంది: 500 పెట్టాలంటే లివరు లాగకముందే పెట్టాలి, లాగాక తిప్పితే స్ప్రింగు మీద భారం పడుతుంది. అందుకని సార్ డార్క్‌రూంలో దీపం ఆర్పి, చేతులతోనే అభ్యాసం చేశారు. నొక్కు, తిప్పు, అంకె, లివరు, కేబుల్. స్టూడియో కుర్రాడు గడియారం పట్టుకుని సెకన్లు చదివేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం రోడ్ల మీద మనిషి లేడు. గుళ్లు మూశారు, ఊరగాయ జాడీల మీద దర్భలు వేశారు, కడుపుతో ఉన్నవాళ్లను గదుల్లోంచి కదలనివ్వలేదు. పెద్దలు చాలామంది విడుపు స్నానానికి కృష్ణకు, బీచుపల్లికి పోయారు. బొంబాయిలో ఇంగ్లండుతో జరుగుతున్న టెస్టుకు కూడా గ్రహణం కోసమే విశ్రాంతి దినం ఇచ్చారు. మిద్దె మీద మేం నలుగురం.

పట్టు మొదలైనప్పటి నుంచీ నా రెండు కటకాలకూ ముసుగులే. పూర్తిగా ఎక్స్‌పోజ్ చేసి కడిగిన నల్లటి ఫిల్ము, రెండు పొరలు. పై కటకానికి కూడా కట్టాలి, సార్ కన్ను ఉండేది దాని వెనకే. ముందురోజుల్లో అదే వేళకు మామూలు సూర్యుడి మీద పరీక్షించి స్పీడు ఖాయం చేసుకున్నారు. అయిదేసి నిమిషాలకు ఒకసారి, ఫిల్ము జరపకుండా, ఒకే ఫ్రేము మీద సూర్యుడి వరుస. సగం పైగా కొరికేశాక సార్ చెయ్యి స్పీడు చక్రం మీదికి పోయింది.

“చిన్నగైతున్నడు గద సార్. వెల్తురు తగ్గుతున్నది. జర పెంచాలె గద?”

“తగ్గేది మన మీద పడే వెల్తురన్నా. మిగిలిన తునక మునుపటంతనే మండుతున్నది. అంకె కదిలియ్యకు.”

వరుసలో సన్నటి నెలవంక కూడా నిండు సూర్యుడంత చక్కగా పడిందంటే ఆ మాట చలవే.

మూడున్నర దాటింది. కుర్రాడు నీడలోకి నన్ను వంచితే సార్ కొత్త రీలు ఎక్కించారు. నైరుతి వైపు, రాయచూరు దిక్కున, ఆకాశం నీలి నలుపు తిరిగింది. ఎండ సన్నబడి మిద్దె గోడల నీడలు కత్తిరించినట్టు పదునెక్కాయి. లెక్చరర్ గారు “ముసుగు!” అన్నారు. ముసుగులు ఊడాయి. నొక్కు, తిప్పు, అంకె, లివరు, కేబుల్.

గరుకుటద్దం మీద నేను చూసింది చెబుతాను. నల్లటి చుక్క, చుట్టూ అన్ని వైపులా తెల్లటి రేకులు. ఆ ఏడు సూర్యుడి మచ్చలు మహా ఉధృతంగా ఉన్న కాలం. అట్లాంటప్పుడు కరోనా ఇరుపక్కలకే సాగకుండా చుట్టూ పూస్తుంది. సూర్యుడికి పైన శుక్రుడు వెలిగాడు. చుట్టూ దిగంతమంతా సంజ కెంజాయ. ఎక్కడో కుక్కలు మొరిగాయి, కోట చెట్ల మీద కాకులు గోలగా గూళ్లకు మళ్లాయి. కుర్రాడు “డెబ్బై... ఎనభై...” అని గొంతు వణుకుతూనే చదివాడు, ఆపలేదు. ఒక సెకను ఫోటో తీసేటప్పుడు సార్ తల పైకెత్తారు. షట్టరు తెరుచుకుని ఉన్న ఆ సెకనంతా ఆయన కన్నూ నా కన్నూ ఒకే చోట ఉన్నాయి. మళ్లీ 15. మళ్లీ 500, లివరు లాగకముందే. అంచున వెలుగు చిమ్మింది, కేబుల్ నొక్కారు, ముసుగు పడింది.

రాత్రే డీ-76 డెవలపర్‌లో కడిగారు. పన్నెండు నెగటివ్‌లూ పన్నెండు రకాలు. 250లో కుంకుమ పొడంత జ్వాలలు నల్లటి చుక్కలై అంటుకుని ఉన్నాయి. 8లో రేకులు విచ్చుకున్నాయి, లోపల మొత్తం కాలిపోయింది. సార్ నాలుగు రోజులు ఎన్‌లార్జర్ దగ్గరే ఉన్నారు. బ్రోమైడ్ పేపరు మీద నెగటివ్ వెంట నెగటివ్‌ను ఒకే చోట కూర్చి, వేటికెంత కావాలో అంత, చిల్లి పెట్టిన అట్టతో వెలుగును ఒక చోట ఆపుతూ ఒక చోట వదులుతూ, కంటికి కనిపించిన కరోనాను కాగితం మీదికి తెచ్చారు. పాలెం వాళ్లు ఫిల్టరుతో చేసింది ఈయన చేతులతో చేశారని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఫోటో చాలాకాలం కాలేజీ లాబ్‌లో ఉంది.

అట్టముక్క మాత్రం నా తోలు పెట్టెలోనే ఉండిపోయింది. 2024 ఏప్రిల్ 8న డాలస్‌లో సంపూర్ణ గ్రహణం వచ్చింది. అక్కడ ఉద్యోగం చేసే సార్ మనవడు, వారం ముందు, ఫోన్లో ఆ అట్ట ఫోటో తెప్పించుకున్నాడు. అతని కెమెరాలో ఐఎస్‌ఓ 100, ఎపర్చరు 8; మిగిలిన వరుస తాత రాసిందే, పైన 1000 ఒకటి కలిపాడు. బ్రాకెటింగ్ అని ఏదో ఉందట, ఒక్క నొక్కుకు వరుసంతా అదే తీసేస్తుంది. మబ్బుల సందుల్లోంచి దాదాపు నాలుగు నిమిషాలు దొరికింది. అంకెలు చక్కగా సరిపోయాయి. కరోనా వెలుగు మారలేదు, కాంతి లెక్క మారలేదు.

ఇప్పుడతను 2027 ఆగస్టు 2కు ఈజిప్టులో లక్సర్ పోతానంటున్నాడు. అక్కడ ఆరు నిమిషాల పైన చీకటి. ఒక సెకను దగ్గర ఆగనక్కర లేదు, నాలుగైదు సెకన్లు తెరిచి ఉంచితే భూమి నుంచి తిరిగి పడే వెలుగుకు చంద్రుడి నల్లబిళ్ల మీద మచ్చలు కూడా కనిపిస్తాయి. కాకపోతే అతనిది పెద్ద లెన్సు. అంతసేపు తెరిస్తే సూర్యుడు జరిగిపోతాడు, వెంట తిరిగే ట్రాకర్ ఉండాలి. కొనాలా, అద్దెకు తీసుకోవాలా అని మొన్న వాళ్ల నాన్నతో మాట్లాడుతుంటే విన్నాను. అద్దెకైనా సరే, ముందొచ్చే పౌర్ణమికి చంద్రుడి మీద ఒకసారి పరీక్ష చేసుకొమ్మని నాన్న చెప్పాడు.